పరుగు మన పిల్లలది, పెత్తనం ఎవరిది?

ఏజెన్సీలో ఏ ఆటల పోటీ జరిగినా వేదిక మీది పెద్దమనిషి ఒక మాట తప్పకుండా అంటాడు. "గిరిజన బిడ్డలకు పరుగు రక్తంలోనే ఉంది" అని. చప్పట్లు పడతాయి. పిల్లలూ కొడతారు, పక్కన నిలబడ్డ పంతుళ్లూ కొడతారు. అది పొగడ్త కాదు. రక్తంలో ఉన్నదానికి బూట్లు అక్కర్లేదు, గుడ్డు అక్కర్లేదు, కోచ్ అక్కర్లేదు, జీతం అంతకన్నా అక్కర్లేదు. కొండ ఎక్కే కాళ్లు ఎలాగూ ఎక్కుతూనే ఉంటాయి కదా! అదే పెద్దమనిషి కొడుకు షటిల్ ఆడి గెలిస్తే మాత్రం రక్తం మాట రాదు. మంచి కోచింగు అంటాడు, క్రమశిక్షణ అంటాడు, నెలకు ఎంత ఖర్చు పెట్టాడో కూడా చెబుతాడు.

మన పిల్లల పరుగు గురించి మేం కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ పరుగు పక్కన జరిగే పని గురించి చెప్పాలి. ఎవరు పరిగెత్తాలో జాబితా రాసేవాడు ఒకడు. పోటీ ఏ ఊళ్లో పెట్టాలో తేల్చేవాడు ఒకడు. డబ్బు దేనికెంతో సంతకం పెట్టేవాడు ఒకడు. గెలిచిన పిల్ల ఫొటో ఏ కంపెనీ గోడ మీదికి ఎక్కాలో ఒప్పందం రాసేవాడు ఇంకొకడు. ఈ పనులన్నిటికీ కలిపి విశ్వవిద్యాలయాల్లో ఒక చదువు ఉంది. దాని పేరు స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్. క్రీడా నిర్వహణ అనుకుందాం. ఆ చదువు మన పిల్లలు చదవాలి, మన పేరు చెప్పి పెట్టిన విశ్వవిద్యాలయాల్లోనే చదవాలి అన్నది మా వాదం.

మన స్టాఫ్ రూముల్లో దీనికి వచ్చే జవాబు మాకు తెలుసు. "డీఎస్సీ ఉంది, గ్రూప్స్ ఉన్నాయి, కానిస్టేబుల్ సెలక్షన్లు ఉన్నాయి. ఆటలు చదవడమేంటి సార్?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకోం. కానీ ముందు ఒక మనిషిని గుర్తు చేయాలి.

జైపాల్ సింగ్ ముండా 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు కెప్టెన్ అని మన పిల్లలకు క్విజ్ ప్రశ్నగా తెలుసు. దేశానికి హాకీలో మొదటి బంగారు పతకం ఆ ఒలింపిక్స్‌లోనే వచ్చింది. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివాడు. ఐసీఎస్‌కు ఎంపికై శిక్షణలో ఉండగా ఆటకు సెలవు ఇవ్వకపోతే, ఇవ్వకపోయినా వెళ్లాడు. తర్వాత ఆ కొలువునే వదిలేశాడు. కలకత్తాలో మోహన్‌బగాన్ క్లబ్బు హాకీ జట్టును నిలబెట్టాడు. ఆదివాసీ మహాసభను నడిపాడు, రాజ్యాంగ సభలో మన గొంతు అయ్యాడు. ఆయన చేతిలో కర్ర ఒక్కటే ఉంటే ఈ పనులు జరిగేవా? ఆట తెలుసు, లెక్క తెలుసు, చట్టం తెలుసు, ఎదుటివాడి భాష తెలుసు. మనం మాత్రం ఆయన చేతిలో కర్రను మాత్రమే ఫొటో తీసి గోడకు పెట్టుకున్నాం.

ఆయన తర్వాత హాకీ జట్టుకు ఆదివాసీలు కరువు కాలేదు. ఒడిశాలోని సుందర్‌గఢ్ నుంచి, జార్ఖండ్ పల్లెల నుంచి వస్తూనే ఉన్నారు. సుందర్‌గఢ్ ఆదివాసీ బిడ్డ దిలీప్ తిర్కీ మూడు ఒలింపిక్స్ ఆడాడు. 2022 సెప్టెంబరులో ఆయన హాకీ ఇండియా అధ్యక్షుడయ్యాడు. సంతోషించాం. వెంటనే ఒక లెక్క కూడా వేసుకున్నాం. 1928లో జట్టు కెప్టెన్ ఆదివాసీ. ఆ ఆటను నడిపే సంఘం అధ్యక్ష కుర్చీలో ఆదివాసీ ఆటగాడు కూర్చునేసరికి 2022. తొంభై నాలుగేళ్లు! మైదానంలోకి రావడానికి మనకు ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. ఆఫీసు గది గడప దాటడానికి ఇంత కాలం పట్టింది.

ఆఫీసు గదిలో మనవాళ్లు లేకపోతే ఏమవుతుంది? 1980ల్లో కేంద్ర క్రీడా ప్రాధికార సంస్థ ఒక పథకం తెచ్చింది. స్పెషల్ ఏరియా గేమ్స్ అన్నారు. గిరిజన, కొండ, తీర ప్రాంతాల్లో సహజ ప్రతిభను వెతకడం దాని పని. దాని వల్ల మేలు జరగలేదని అనం. రాజస్థాన్ ఉదయపూర్ అడవుల నుంచి లింబా రామ్ ఆ దారినే వచ్చాడు, మూడు ఒలింపిక్స్‌లో బాణం వేశాడు, 1992లో ప్రపంచ రికార్డును సమం చేశాడు. అదే పథకం కింద కర్ణాటకలో సిద్దీ పిల్లలను ఏరారు. ఎందుకు? ఆఫ్రికా మూలాలు ఉన్నవాళ్లు కాబట్టి పతకాలు తెస్తారని. ఇక్కడా రక్తం మాటే చూడండి. పిల్లలు హాస్టళ్లకు వెళ్లారు, పరిగెత్తారు, గెలవడం మొదలుపెట్టారు. కొన్నేళ్లకే సిద్దీల శిక్షణ ఆగిపోయింది. పిల్లల్లో చాలామంది తిరిగి పల్లెలకు, కూలి పనులకు వెళ్లారు. ఎక్కడో ఒక గదిలో ఒక ఫైలు మూశారు. ఆ గదిలో సిద్దీ మనిషి ఒక్కడున్నా కనీసం "ఈ పిల్లల చదువు సంగతి ఏమిటి?" అని అడిగేవాడు. లింబా రామ్ కూడా తర్వాతి కాలంలో జబ్బుపడి సర్కారు సాయం కోసం ఎదురుచూడాల్సి వచ్చిందని పత్రికల్లో చదివాం. ప్రతిభను ఏరడానికి పథకం ఉంటుంది. ఏరిన మనిషి నలభై ఏళ్ల తర్వాత ఏమవుతాడన్నదానికి ఎవరి బల్ల మీదా కాగితం ఉండదు.

మన దగ్గరి సంగతే చూద్దాం. విల్లు మన ఇంట్లో పుట్టింది. మన పిల్లలు వెదురు విల్లుతో ఇండియన్ రౌండ్ ఆడతారు, జాతీయ పోటీల దాకా వెళతారు. అక్కడితో దారి ఆగిపోతుంది. ఎందుకంటే ఒలింపిక్స్‌లో ఇండియన్ రౌండ్ లేదు. అక్కడ రికర్వ్ విల్లుతో డెబ్బై మీటర్ల దూరం నుంచి కొట్టాలి. ఆసియా క్రీడల్లో దాంతోపాటు కాంపౌండ్ విల్లు కూడా ఉంది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ విల్లుతో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆమె కష్టాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. మా ప్రశ్న వేరు. అలాంటి విల్లు, బాణాలు, మిగతా సామాను అన్నీ కలిపితే లక్షల మాట. వెదురు విల్లు పట్టిన పిల్ల చేతికి పదమూడో ఏట రికర్వ్ రావాలా వద్దా అన్నది ఆ పిల్ల ప్రతిభ తేల్చే విషయం కాదు. ఏ పద్దు కింద కొనాలి, ఎన్ని కొనాలి, ఎవరికి ముందు ఇవ్వాలి, కొన్నది బీరువాలో తాళం పడకుండా ఎవరు చూడాలి అని తేల్చే వాళ్లుంటారు. అదే క్రీడా నిర్వహణ. అది తెలిసినవాడు కొండ మీది నుంచి రాకపోతే, కొండ మీది పిల్లకు వెదురే గతి.

ఇంకా చిన్న సంగతి ఒకటి ఉంది. చిన్నదే కానీ దీని వల్ల పోయిన ఉద్యోగాలు తక్కువ కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాకు సర్టిఫికెట్టు ఒక్కటి చాలదు. దానికి ఫారాలు ఉంటాయి. అంతర్జాతీయ పోటీకి ఫారం 1, జాతీయ పోటీకి ఫారం 2, విశ్వవిద్యాలయాల మధ్య పోటీకి ఫారం 3, జాతీయ పాఠశాల క్రీడలకు ఫారం 4. ఏ ఫారం మీద ఎవరు సంతకం పెట్టాలో నిర్ణయం ఉంది. పతకం గెలిచిన నెలలో అడిగితే దొరికే సంతకం, ఆరేళ్ల తర్వాత ఉద్యోగ ప్రకటన వచ్చినప్పుడు అడిగితే దొరకదు. సంఘాలు మారతాయి, కార్యదర్శులు మారతారు, ఒకే ఆటకు రెండు సంఘాలు పుట్టి కోర్టుకెక్కుతాయి. ఇక మన ఇంటిపేర్లు. మడివి అని బడి రికార్డులో ఉంటుంది, మాడవి అని ఆధార్‌లో ఉంటుంది, సర్టిఫికెట్టు రాసిన మనిషి తన చెవికి ఎలా వినిపిస్తే అలా మడ్వి అని రాస్తాడు. ముగ్గురు వేర్వేరు మనుషులన్నమాట! పరుగులో రాష్ట్రంలోనే రెండో స్థానం తెచ్చిన పిల్ల, తన పేరు తనదేనని నిరూపించుకోలేక సర్టిఫికెట్ల పరిశీలన గది నుంచి తిరిగి రావడం మాలో చూడని పంతులు ఉండడు. ఏకలవ్య ఆదర్శ పాఠశాలల్లో 20 శాతం సీట్లు ఆటల్లో రాణించే గిరిజన పిల్లలకు ఉంచారు, మంచిదే. కానీ ఆటతో బడిలోకి వచ్చిన పిల్లకు ఈ కాగితాల చదువు ఎవరు చెబుతారు?

ఇప్పుడు చట్టం వచ్చింది. 2025 ఆగస్టులో జాతీయ క్రీడా పరిపాలనా చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. జాతీయ క్రీడా సంఘాల కార్యవర్గం పదిహేను మందికి మించకూడదని, అందులో కనీసం ఇద్దరు ఉత్తమ క్రీడాకారులు, కనీసం నలుగురు మహిళలు ఉండాలని చెప్పింది. తగాదాలు తీర్చడానికి జాతీయ క్రీడా ట్రిబ్యునల్ అంది. మేలు. ఆదివాసీ అన్న మాటకు మాత్రం ఆ పదిహేను కుర్చీల్లో ఒక్కటీ కేటాయించలేదు. హాకీ, విలువిద్య, పరుగు, ఫుట్‌బాల్ — పతకాల పట్టిక దగ్గర మన జిల్లాల పేర్లు చదువుతారు, కార్యవర్గం దగ్గర చదవరు. కేటాయింపు అడగాల్సిందే. అయితే కేటాయింపు వచ్చిన రోజున కూర్చోవడానికి నియమావళి చదివిన మనిషి, ఆడిట్ నివేదిక చదివి ప్రశ్న వేసే మనిషి మన దగ్గర ఉండాలి. లేకపోతే ఆ కుర్చీలో మన మనిషి కూర్చుంటాడు, వెనకాల నిలబడి సంతకం పెట్టించేవాడు వేరే ఉంటాడు. పంచాయతీల్లో ఈ సినిమా మనం చూశాం.

ఇక స్టాఫ్ రూము ప్రశ్నకు వద్దాం. ఉద్యోగాలు ఉన్నాయా? ఉన్నాయి, కానీ మన ఊళ్లో లేవు. 2023 నుంచి 2027 దాకా ఐదేళ్ల ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. మన వాకిట్లో ఆడే కబడ్డీ 2014లో ప్రో కబడ్డీ అయ్యి టీవీ ఎక్కింది. అంత డబ్బు తిరిగే చోట బంతి పట్టేవాడు, కూత పెట్టేవాడు కొద్దిమందే. టికెట్లు, ప్రయాణాలు, ఒప్పందాలు, స్టేడియం కరెంటు, ఆటగాళ్ల గణాంకాలు, డోపింగ్ పరీక్షల కాగితాలు చూసేవాళ్లు వాళ్లకన్నా ఎన్నో రెట్లు. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి. ఇవాళ ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్న పిల్ల డిగ్రీ ముగించేసరికి అవి వాకిట్లో ఉంటాయి. అక్కడ మన పిల్లలు స్వాగత నృత్యానికి కొమ్ములు పెట్టుకుని వెళతారా, మెడలో గుర్తింపు కార్డుతో పనికి వెళతారా?

నృత్యం తప్పని కాదు. కొమ్ము మన గౌరవం. కానీ ప్రతి ప్రారంభోత్సవంలోనూ మనకు దొరికే ఉద్యోగం అదొక్కటే అయితే ఆలోచించాలి.

అదే సమయంలో ఒక హెచ్చరిక కూడా చేయాలి, లేకపోతే మేం కూడా ఏజెంట్లతో సమానం. ఈ చదువు పేరుతో పెద్ద నగరాల్లో ప్రైవేటు సంస్థలు లక్షలకు లక్షలు ఫీజు వసూలు చేస్తున్నాయి. ప్రచార పత్రం మీద పెద్ద క్రికెటర్ బొమ్మ ఉంటుంది. నూరు శాతం ఉద్యోగం అంటారు. చివరికి జీతం లేని ఇంటర్న్‌షిప్పు. నగరంలో సొంత ఇల్లున్నవాడు ఆరు నెలలు జీతం లేకుండా పని చేయగలడు, హాస్టల్లో పెరిగిన మన పిల్లవాడు చేయలేడు. ఆ చోట్లకు వెళ్లొద్దు, అప్పు చేసి అసలే వెళ్లొద్దు. (1/70 చట్టం ఉండబట్టి మన భూమిని గిరిజనేతరులు తాకట్టు పెట్టుకోలేరు. ఆ చట్టం చేసిన మేళ్లలో ఇదొకటి.) ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. గ్వాలియర్‌లో 1957 నుంచి లక్ష్మీబాయి జాతీయ శారీరక విద్యా సంస్థ నడుస్తోంది. ఇంఫాల్‌లో 2018 చట్టంతో జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం వచ్చింది. కేంద్ర సంస్థల్లో మనకు ఏడున్నర శాతం రిజర్వేషన్ ఉంది. కలకత్తాలో ఐఐఎస్‌డబ్ల్యూబీఎం అనే సంస్థ క్రీడా నిర్వహణలో పీజీ డిప్లొమా ఇస్తోంది. విదేశాలకు వెళ్లి చదవడానికి కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ స్కాలర్‌షిప్పు ఉంది. దేశం మొత్తం మీద గిరిజనులకు ఏటా ఇరవై! ఆ ఇరవై గురించి వేరే వ్యాసం రాయాలి.

కానీ గ్వాలియర్ దూరం, ఇంఫాల్ ఇంకా దూరం. మొదటి తరం డిగ్రీ చదివే పిల్లకు, ముఖ్యంగా ఆడపిల్లకు, దారి ఖర్చే పెద్ద ప్రవేశ పరీక్ష. అందుకే మన గడప దగ్గరి విశ్వవిద్యాలయాలను అడగాలి. రాష్ట్ర విభజన చట్టం 2014లోనే రెండు రాష్ట్రాలకూ చెరొక గిరిజన విశ్వవిద్యాలయం రాసిచ్చింది. ఆంధ్రలోది 2019లో విజయనగరంలో మొదలైంది. తెలంగాణది 2023 డిసెంబరులో గాని చట్టం కాలేదు, సమ్మక్క సారక్క పేరుతో ములుగులో వచ్చింది. ఇంత ఆలస్యంగా వచ్చిన వాటిలో ఏం చదువులు ఉండాలన్నది మనం చెప్పకపోతే వేరేవాళ్లు చెబుతారు. ఎక్కడో పాత విశ్వవిద్యాలయంలో ఉన్న కోర్సులనే నకలు తీసి ఇక్కడ పెడతారు.

కొంతమంది మన మేధావులే అడ్డు చెబుతున్నారు. గిరిజన విశ్వవిద్యాలయం అంటే భాష, సంస్కృతి, ఆచారం మీద పరిశోధన జరగాలి గాని మేనేజ్‌మెంట్ కోర్సులు ఎందుకని. కోయ, గోండి, కువి, సవర భాషలకు శాఖలు రావాల్సిందే, దానికి మేం ముందు వరసలో నిలబడతాం. కానీ ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులని ఎవరన్నారు? ములుగు పక్కనే మేడారం ఉంది. రెండేళ్లకోసారి లక్షల జనం వస్తారు. గద్దె మీదికి అమ్మవారిని తెచ్చేది కోయ వడ్డెలు. ఆ పని తరతరాలుగా వాళ్లదే. ఆ గద్దెల చుట్టూ జరిగే ఏర్పాట్లు, క్యూ లైన్లు, నీళ్లు, వాహనాలు, దుకాణాల వేలం, వాటి లెక్కలు ఎవరి చేతుల్లో ఉంటాయో చెప్పనక్కర్లేదు. జన సమూహాన్ని నడపడం క్రీడా నిర్వహణలో ఒక పాఠం. దానికి మేడారాన్ని మించిన ప్రయోగశాల ఏ విశ్వవిద్యాలయానికి ఉంది? సంస్కృతి మీద పరిశోధన ఒక్కటే చాలంటే, మనల్ని చదివేవాళ్లు పెరుగుతారు, మన పనిని మన చేతుల్లోకి తీసుకునేవాళ్లు పెరగరు.

అందుకని ఈ రెండు విశ్వవిద్యాలయాల్లోనూ క్రీడా నిర్వహణలో మూడేళ్ల డిగ్రీ కావాలి. పద్దులు రాయడం, ఒప్పందాల చట్టం, మైదానాల నిర్వహణ, డోపింగ్ నిబంధనలు, పిల్లల భద్రత, ఇంగ్లీషులో ఉత్తరం రాయడం అందులో ఉండాలి. పిల్లల భద్రత అన్నమాట ఊరికే అనలేదు. ఆడపిల్లలను శిక్షణా శిబిరాలకు పంపే తల్లి మొదట అడిగేది పతకం గురించి కాదు. ఒక సెమిస్టరు ఐటీడీఏ ఆటల పోటీల్లోనే పనిగా ఉండాలి, దానికి స్టైపెండ్ ఉండాలి. కిన్నెరసాని లాంటి గిరిజన క్రీడా పాఠశాలల్లో ఆడి, గాయంతోనో వయసుతోనో ఆట మానేసిన పిల్లలకు సీట్లలో ముందు వరుస ఇవ్వాలి. మోకాలు పోయినంత మాత్రాన ఆట గురించి వాళ్లకు తెలిసింది పోదు. తెలంగాణ శాసనసభ 2024లో యంగ్ ఇండియా క్రీడా విశ్వవిద్యాలయానికి చట్టం చేసింది. అక్కడ ఆటగాళ్ల సీట్లకే కాదు, నిర్వహణ కోర్సుల సీట్లకూ ఏజెన్సీ నుంచి పిల్లలను తీసుకోవాలని అడగాలి.

ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయ పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ దెబ్బ నుంచి మనం ఇంకా తేరుకోలేదు. ఆటలు బాగా ఆడే పిల్లకు మనం ఇన్నేళ్లూ చూపించిన ఒకే ఒక దారి పీఈటీ పోస్టు. అది కూడా ఇప్పుడు ఇరుకైంది. జీవో కోసం పోరాడుతూనే ఉందాం. అది వచ్చేదాకా పిల్లలను ఒక్క తలుపు ముందే నిలబెట్టడం న్యాయం కాదు.

పంతుళ్లకు ఒక మాట. ఈ చదువు మనకు కొత్తేమీ కాదు. సున్నం గీతలు గీయించేది మనమే. డీసీఎం వ్యానులో అరవై మంది పిల్లలను ఎక్కించి, రాత్రి పన్నెండుకు మళ్లీ లెక్కపెట్టి దించేది మనమే. అరటిపండ్లకూ గ్లూకోజుకూ బిల్లు లేదని ఆడిట్‌లో మాట పడేది మనమే. జీతం పెట్టి ఒక కంపెనీ చేయించుకునే పనిని మనం ఊరికే చేస్తున్నాం, పిల్లలకు కనపడకుండా చేస్తున్నాం. వచ్చే జోనల్ పోటీలకు తొమ్మిది, పది తరగతుల పిల్లల్లో ఆడనివాళ్లను కూడా పది మందిని ఎంచండి. ఒకరికి ఎంట్రీ ఫారాలు, ఒకరికి భోజనాల పద్దు, ఒకరికి ఫలితాల పట్టిక, ఒకరికి మందుల పెట్టె. ఒక పిల్లకు మాత్రం ఒకే పని అప్పగించండి. ప్రతి సర్టిఫికెట్టు మీది ఇంటిపేరును ఆధార్ కార్డుతో, బడి రికార్డుతో పోల్చి చూసి, తప్పుంటే మైదానం దాటకముందే దిద్దించడం. నిర్వాహక కమిటీ జాబితా టైపు చేయించేటప్పుడు ఆ పది మంది పేర్లు కూడా అందులో రాయించండి.